పథ్యం విడిచిన మనిషి

పదహారో భాగం

చిరిగిన కాగితాన్ని కుటుంబరావు గారు సెల్లో టేపుతో అతికిస్తున్నారు.

ఆయనకు యాభై తొమ్మిదేళ్ళు. జగ్గయ్యపేటలో సిమెంటు, ఇనుము కొట్టు. కింద కొట్టు, పైన కాపురం. తొమ్మిది కొట్టేసరికి గల్లాపెట్టె ముందు కూర్చోవలసిన మనిషి ఇవాళ టిఫిన్ల బల్ల దగ్గరే ఉండిపోయి, కళ్ళజోడు ముక్కు చివరికి దించుకుని, రెండు ముక్కలూ అంచుకి అంచు కలుపుతున్నారు. చింపిన మనిషి, ఆయన కోడలు ఉషశ్రీ, ఎదురుగానే నిలబడి చూస్తోంది.

"అతికించినంత మాత్రాన వెళ్తామనుకోకండి మావయ్యా."

"చింపినంత మాత్రాన ఆగుతుందా అమ్మా?"

ఆయన గొంతు పెంచలేదు. ఆ ఇంట్లో ఎవరూ గొంతు పెంచరు. కింద కొట్టులో మనుషులుంటారు. పోట్లాటలన్నీ పళ్ళ బిగువున, ఫ్యాను చప్పుడు చాటున జరిగిపోవాలి. పెళ్ళయిన ఎనిమిదేళ్ళలో ఉషశ్రీ ఆ ఇంట్లో నేర్చుకున్న మొదటి విద్య అదే.

కాగితం మీది రాత ఆమె భర్త సాయిప్రసాద్‌ది. 'నాసిక్ ద్రాక్షతోటలు, దంపతుల విహారం, నాలుగు రోజులు.' ఏ రోజు ఏ తోట, చెరువు ఒడ్డున ఏ కాటేజీ, కొండల వెనక పొద్దు గుంకడం ఎక్కణ్ణుంచి బాగా కనపడుతుంది, అన్నీ గుండ్రటి అక్షరాలతో వరసగా రాశాడు. రెండో రోజు దగ్గర 'వైన్ రుచి చూడటం, రెండు తోటల్లో' అని ఉంది. ఉషశ్రీ సరిగ్గా అక్కడే చింపింది.

అమ్మకాలు బాగా చేసిన డీలర్లను సిమెంటు కంపెనీ వాళ్ళు ఏటా ఎక్కడికో ఒకచోటికి తిప్పుతారు. నిరుడు ఊటీ. ఈసారి ద్రాక్షతోటలు కావాలని డీలర్లే అడిగారు. ఏర్పాట్లు చూసే పని సంఘం ప్రెసిడెంటు శాంతికుమార్ తెచ్చి సాయిప్రసాద్ నెత్తిన పెట్టాడు. పద్దెనిమిది జంటల్లో ఫోన్లో హోటళ్ళు వెతకడం అతనికే బాగా వచ్చట. ఇవాళ పదకొండు గంటలకు నందిగామలో మీటింగు. టూర్ కంపెనీ మనిషి సీసాలు పట్టుకొచ్చి, వైన్ ఎలా రుచి చూడాలో చేసి చూపిస్తాడు. మొదటి గ్లాసు ఏర్పాట్లు చేసిన మనిషికే ఇవ్వాలని శాంతికుమార్ ముచ్చట.

ఆ మొదటి గ్లాసు అందుకోవలసిన మనిషి పద్నాలుగు నెలల కిందటి దాకా పచ్చి తాగుబోతు. ఆ సంగతి ఊళ్ళో ఎవరికీ తెలియదు. తెలియకుండా ఈ ఇల్లు పడ్డ పాట్లు ఇన్నీ అన్నీ కావు.

తాగుడు మాన్పించే ఆసుపత్రిలో అతన్ని రెండు నెలలు ఉంచినప్పుడు, అబ్బాయికి పచ్చకామెర్లని ఊరికి చెప్పారు కుటుంబరావు గారు. చెవిటికల్లు దగ్గర ఏటి ఒడ్డున ఎవరో వైద్యుడు పసరు మందు ఇస్తున్నాడని, ఏడాది పథ్యమని చెప్పారు. లేని వైద్యుడికి అంత పేరొస్తుందని పాపం ఆయన అనుకోలేదు. తిరిగొచ్చిన సాయిప్రసాద్ మొహంలో కళ చూసి, కామెర్లొచ్చిన ప్రతివాళ్ళూ ఆ వైద్యుడి అడ్రసు అడగడం మొదలుపెట్టారు. ఒకాయన రెండు రోజులు ఏటి గట్టంతా తిరిగొచ్చి "కనపళ్ళేదండీ" అన్నాడు. "కాలం చేశాడటండీ" అని ఈయన ఆ వైద్యుణ్ణి చంపేశారు.

తరవాత, పథ్యం ఎప్పుడు విడుస్తాడని అడగడం మొదలుపెట్టారు. ఆ గోల పడలేక ఆయన భార్య సత్యనారాయణమ్మ కిందటి నెల పథ్యం విడుపు భోజనాలు పెట్టించింది. నూట ఇరవై మంది కడుపు నిండా తిని, సాయిప్రసాద్‌ని దీవించి వెళ్ళారు. పీడ వదిలిందని ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకున్నారు. ఇప్పుడు ఊరి దృష్టిలో అతనికి ఏ జబ్బూ లేదు, ఏ పథ్యమూ లేదు. గ్లాసు చేతికిస్తే వద్దనడానికి సాకు కూడా లేదు. చేతులారా చేసుకున్నారు.

"రామని చెప్పడానికి ఒక్క కారణం చెప్పమ్మా," అన్నారు కుటుంబరావు గారు టేపు మీద గోరుతో రుద్దుతూ. "నేనే వెళ్ళి శాంతికుమార్‌కి చెప్తా."

"ఉన్న కారణమే చెప్పండి."

"ఉన్నది చెప్తే రేపు ఈ కొట్టు మెట్లెక్కేది ఎవరు? ముక్త్యాల రోడ్డు మీద లారీ డ్రైవర్లు కూడా నవ్వుతారు. తాగుబోతు షావుకారంటారు."

"మానేసినవాణ్ణి తాగుబోతంటారా ఎవరన్నా?"

"మానేశాడని చెప్పాలంటే తాగాడని చెప్పాలిగా ముందు!"

బల్లకి ఆ చివర సాయిప్రసాద్ తల వంచుకుని ఇడ్లీ ముక్కలు చేస్తున్నాడు, తినడం లేదు. ముప్ఫై ఆరేళ్ళ మనిషి. తన గురించి ఇంత మాట్లాడుతున్నా, పక్కింటి గొడవ వింటున్నట్టు కూర్చున్నాడు.

సత్యనారాయణమ్మ వంటింట్లోంచి రాగిజావ గ్లాసు తెచ్చి కొడుకు ముందు పెట్టింది.

"తాగు నాన్నా. చల్లారిపోతే బాగుండదు."

అతను తాగేదాకా ఆవిడ అక్కడే నిలబడింది. రోజూ అంతే. గ్లాసు ఖాళీ అయితే గానీ కదలదు. ఇవాళ గ్లాసు అడుగున కొంచెం మిగిలింది. ఆవిడ మరో రెండు క్షణాలు చూసి, కొడుకు మూతి తుడుచుకున్నాక దాన్ని తీసుకుపోయింది.

కింద హారన్ మోగింది. నందిగామ నుంచి డ్రైవర్ వాసిం కారు తెచ్చాడు.

* * *

మెట్ల మలుపు దగ్గర ఉషశ్రీ అడ్డంగా నిలబడింది. అక్కడైతే పైవాళ్ళకీ కిందివాళ్ళకీ కనపడరు. ఆ మొగుడూ పెళ్ళాలు మనసు విప్పి మాట్లాడుకున్న రెండు మూడు సందర్భాలూ ఆ మలుపులోనే.

"వెళ్ళొద్దు," అంది.

"ఉషా, నీకు ఎన్నిసార్లు చెప్పా? అక్కడ తాగరు. నోట్లో పోసుకుంటారు, పుక్కిలిస్తారు, ఉమ్మేస్తారు. ఉమ్మడానికి గిన్నెలు పెడతారు. పెద్ద పెద్దవాళ్ళంతా అలాగే చేస్తారంట."

"పెద్దవాళ్ళ సంగతి నాకెందుకు? నోటిదాకా వెళ్ళింది మీరు ఉమ్మడం నేను ఎనిమిదేళ్ళలో ఒక్కసారి చూళ్ళా."

అతని మొహం మాడిపోయింది. అనకుండా ఉండవలసిందని ఆమెకు అప్పుడే అనిపించింది. కానీ అనేసింది.

"పద్నాలుగు నెలలైంది నేను ముట్టుకుని," అన్నాడు. "నువ్వొక్కదానివన్నా నమ్ముతావనుకున్నా."

"మరి ఆ రోజు సంగతేంటి?"

అతను కళ్ళు మూసుకున్నాడు. ఆ రోజు అంటే ఏ రోజో ఇద్దరికీ తెలుసు. పథ్యం విడుపు భోజనాలైన మూడో రోజు సాయంత్రం. మొహం కందగడ్డలా చేసుకుని, చెమటలు కారుతూ, గుండె దడదడా కొట్టుకుంటోందంటూ పైకొచ్చాడు. వచ్చీ రాగానే వాంతి చేసుకున్నాడు. ఉషశ్రీ దగ్గరికెళ్ళి అతని నోరు వాసన చూసింది. దగ్గు మందు వాసన. వాసన కప్పెట్టడానికే తాగాడనుకుంది. ఆ రోజు నుంచి అతనితో అవసరమైన మాట తప్ప మాట్లాడలేదు.

"అమ్మ మీద ఒట్టేసి చెప్పాగా," అన్నాడు. "దగ్గొస్తుంటే మందు రెండు మూతలు తాగా. అంతే. ఎందుకలా అయిందో నాకూ తెలీదు."

"దగ్గు మందు తాగితే ఎవరికన్నా అలా అవుద్దా?"

"అవుద్దో లేదో నాకేం తెలుసు? నాకయింది."

కింద వాసిం మళ్ళీ హారన్ కొట్టబోయి మానేశాడు. చిన్న చప్పుడు చేసి ఆగిపోయింది.

"నాకు భయం లేదనుకుంటున్నావా?" సాయిప్రసాద్ గొంతు తగ్గించాడు. "రాత్రి రెండుసార్లు లేచి ఆ కాగితం తిరగరాశా. ఏం చెయ్యను చెప్పు? నాన్న మొహం చూశావుగా. ఆయన పరువు కోసం ఆసుపత్రిలో వేరే పేరు చెప్పుకుని పడుకున్నా. ఇప్పుడు ఆయన పరువు కోసమే గ్లాసు పట్టుకోవాలి. పట్టుకుంటా. ఉమ్మేస్తా. వచ్చేస్తా."

"ఉమ్మలేకపోతే?"

"ఉమ్ముతా."

"మధ్యలో ఫోన్ చేస్తా."

"చెయ్యొద్దు. నలుగుర్లో పెళ్ళాం కాపలా కాస్తోందంటారు. అయిపోయాక నేనే చేస్తా. నువ్వు చేస్తే మాత్రం ఎత్తను."

అతను ఆమె భుజం పక్కనుంచి తప్పుకుని దిగిపోయాడు. ఉషశ్రీ కిటికీ లోంచి చూసింది. వాసిం కారు తలుపు తెరిచి పట్టుకుని, పైకి ఆమె వంక చూశాడు. పద్నాలుగు నెలల కిందట, స్పృహ లేని సాయిప్రసాద్‌ని వెనక సీట్లో పడుకోబెట్టుకుని బెజవాడ తీసుకెళ్ళింది అతనే. నందిగామలో సగం మంది షావుకార్లకి బాడుగ తోలే మనిషి. ఒక్క మాట జారినా ఈ ఇంటి గుట్టు ఏనాడో రట్టయ్యేది. జారలేదు.

"నేను కిందే ఉంటా వదినా," అన్నాడు, అడగకుండానే.

* * *

పదకొండుకి పది నిమిషాలుంది. ఉషశ్రీ టిఫిన్ గిన్నెలు కడగడానికి సింకు దగ్గరికి వెళ్ళింది. పనిమనిషి ఇవాళ రాలేదు. చేతులకి పని ఉంటే బుర్రకి కాస్త తెరిపి అనుకుంది.

రాగిజావ గ్లాసు అడుగున తెల్లగా ఏదో పేరుకుని ఉంది.

వేలితో తీసింది. గరగరలాడింది. నాలిక మీద పెట్టుకుంది. తీపీ లేదు, ఉప్పూ లేదు. సుద్దముక్క కొరికినట్టుంది.

"అత్తయ్యా, జావలో ఏం వేశారు?"

సత్యనారాయణమ్మ కూర తరుగుతోంది. కత్తిపీట ఆగింది.

"పటికబెల్లం."

"తియ్యగా లేదు."

"కరగలేదేమో."

"అత్తయ్యా."

ఆ పిలుపులో ఏముందో గానీ, పెద్దావిడ మొహం ఎత్తలేదు. కత్తిపీట పక్కకి జరిపి, లేచి, బియ్యం డబ్బా వెనక నుంచి చిన్న ప్లాస్టిక్ కవరు తీసింది. లోపల మాత్రల అట్ట. సగం గుంటలు ఖాళీ.

ఆ అట్టని ఉషశ్రీ ఎక్కడున్నా గుర్తుపడుతుంది. ఆరు నెలలపాటు రోజూ పొద్దున్నే తన చేత్తో, సాయిప్రసాద్‌కి చెప్పి, అతని చేత మింగించిన, తాగుడు మాన్పించే బిళ్ళలవి. మనిషి నిలదొక్కుకున్నాడని డాక్టరు ఆపెయ్యమన్నాడు. ఆపేసి మళ్ళీ ఆరు నెలలు.

"ఎన్నాళ్ళ నుంచి?" అంది.

"నువ్వు మానేసిన మర్నాటి నుంచే. పాత చీటీ చూపిస్తే నందిగామలో మందుల షాపు వాళ్ళు ఇచ్చారు. నెల నెలా మా చెల్లెలు సీతారావమ్మని చూసొస్తానని వెళ్ళేది అందుకే." సత్యనారాయణమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. "డాక్టర్లకేం, ఆపమంటారు. కన్నది వాళ్ళా? పొడి చేసి జావలో వేస్తే వాడికి తెలీదు. వాడి మానాన వాడు బాగున్నాడు. నేనేం తప్పు చేశానే?"

"ఇవాళ కూడా వేశారా?"

"ఇవాళ రెండు వేశా."

ఉషశ్రీ చేతిలోని గ్లాసు సింకులో పెట్టేసింది.

"గ్లాసు చేతికిస్తారని మీరంతా అనుకుంటుంటే విన్నాగా. రెండు వేస్తే ఆ వాసనంటేనే రోత పుడుద్ది, దగ్గరికి రానివ్వడులే అనుకున్నా. నువ్వేగా చెప్పావు, ఈ బిళ్ళ వేసుకుంటే మందంటే అసహ్యం పుడుద్దని?"

చెప్పింది. నిజమే, తనే చెప్పింది. ఆసుపత్రిలో డాక్టరు చెప్పిన రోజు తనూ, భర్తా మాత్రమే ఉన్నారు. పెద్దవాళ్ళు హడలిపోతారని, ఇంటికొచ్చి సగం చెప్పి సగం మింగేసింది. ఈ ఇంటికి కోడలుగా వచ్చి, ఈ ఇంటి పద్ధతే పట్టింది.

"అసహ్యం కాదు అత్తయ్యా," అంది. గొంతు ఆమెకే కొత్తగా వినపడింది. "ఆ బిళ్ళ ఒంట్లో ఉండగా మందు పడితే ఒళ్ళు తట్టుకోదు. బీపీ పడిపోద్ది. గుండె ఆగిపోవచ్చు. అది కడుపులో ఉందని తెలిస్తే భయంతో ముట్టుకోడని ఇస్తారు. తెలీకుండా పెట్టకూడదని డాక్టరు నా చేత ఒట్టు వేయించుకున్నాడు. దగ్గు మందులో కూడా ఆల్కహాల్ ఉంటుంది, ఇంట్లో ఉంచొద్దన్నాడు."

దగ్గు మందు.

ఆ మాట తన నోటి నుంచి వచ్చాక గానీ ఆమెకు తట్టలేదు. కందగడ్డలా కందిన మొహం. చెమటలు. గుండెదడ. వాంతి. రెండు మూతల దగ్గు మందు తాగానని అమ్మ మీద ఒట్టేసిన మనిషి.

అతను నిజమే చెప్పాడు.

ఆరు నెలలుగా రోజూ ఆ బిళ్ళ అతని ఒంట్లో ఉంది. ఒక్క గుటక వేసి ఉన్నా ఇంటిల్లిపాదికీ తెలిసిపోయేది. వెయ్యలేదు. తల్లి పెట్టిన బిళ్ళ వల్ల కాదు, అది ఉందని అతనికి తెలియదు కదా. తనంతట తాను, ఎవరి కాపలా లేకుండా, ఈ ఆరు నెలలూ నిలబడ్డాడు. అంత నిలబడ్డ మనిషిని పట్టుకుని, గంట కిందట, మీరు ఉమ్మడం ఎప్పుడూ చూళ్ళేదంది.

ఏడుపు తన్నుకొచ్చింది. ఏడవడానికి టైము లేదు. గోడ గడియారం పదకొండు దాటి మూడు నిమిషాలు చూపిస్తోంది.

"గుండె ఆగిపోద్దా?" సత్యనారాయణమ్మ గోడకి జారగిలబడింది. "నా చేత్తో... నా చేత్తోనే తాగించానే తల్లీ. నిలబడి మరీ తాగించానే."

ఉషశ్రీ ఆవిడని ఓదార్చలేదు. ఫోన్ అందుకుంది.

సాయిప్రసాద్ ఫోన్ మోగి మోగి ఆగింది. మళ్ళీ చేసింది. రెండు రింగులకి కోసేశాడు. మూడోసారికి స్విచాఫ్ అని వచ్చింది. చేస్తే ఎత్తనని చెప్పి మరీ వెళ్ళాడు. ఆ మాట కూడా నిలబెట్టుకున్నాడు.

బల్ల మీద అతికించిన కాగితం అలాగే ఉంది. శాంతికుమార్ నంబరేమైనా ఉందేమోనని లాక్కుని చూసింది. లేదు. టేపు కింద, పొద్దున చింపే ముందు ఆమె చదవని వరస ఒకటుంది. 'నందిగామ మీటింగుకు కూడా ఉమ్మడానికి గిన్నెలు తప్పనిసరిగా తేవాలి. మరిచిపోవద్దు.' దాని కింద రెండు గీతలు గట్టిగా గీశాడు. రెండో గీత దగ్గర కాగితం చిల్లుపడింది.

* * *

కొట్టులో అయిదారుగురున్నారు. ఇనప చువ్వలు కొలిపించుకుంటున్న మేస్త్రీలు ఇద్దరు, బస్తాలు దింపుతున్న హమాలీలు, ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని టీ తాగుతున్న ఎవరో పెద్దాయన. ఉషశ్రీ చెప్పులు కూడా వేసుకోకుండా మెట్లు దిగొచ్చింది.

"మావయ్యా, శాంతికుమార్ గారికి ఫోన్ చెయ్యండి. ఆయన్ని గ్లాసు ముట్టుకోనివ్వద్దని చెప్పండి. ఇప్పుడే."

"ఏంటమ్మా ఇది, కొట్టులో." కుటుంబరావు గారు నవ్వు మొహంతో పెద్దాయన వంక చూసి, కోడలి వంక తిరిగి పళ్ళ బిగువున అన్నారు. "పైకి పద. మాట్లాడుకుందాం."

"టైము లేదు. అత్తయ్య ఆయనకి ఆ బిళ్ళలు పెట్టింది. ఆరు నెలల నుంచి పెడుతోంది. ఇవాళ రెండు పెట్టింది. ఇప్పుడు మందు పడితే ప్రాణం పోద్ది."

ఆయన మొహంలో రక్తం ఇంకిపోయింది. అర్థమైంది, అందులో అనుమానం లేదు. ఫోన్ చేతిలోకి తీసుకున్నారు. శాంతికుమార్ పేరు మీదికి బొటనవేలు వెళ్ళింది. అక్కడ ఆగింది.

"ఏమని చెప్పనమ్మా?" అన్నారు గుసగుసగా. "గ్యాస్ ట్రబులని చెప్పనా?"

కొడుకు ప్రాణం మీదికి వచ్చినా ఆ మనిషి ఇంకో జబ్బు వెతుకుతున్నాడు. కోపం కూడా రాలేదు ఆమెకు. జాలేసింది, అసహ్యమేసింది, రెండూ ఒకేసారి.

తన ఫోన్లో వాసింకి కలిపింది. ఒక్క రింగుకే ఎత్తాడు.

"చెప్పండి వదినా."

"వాసిం, పైకెళ్ళు. మీ అన్న చేతిలో గ్లాసుంటే లాగెయ్యి."

"ఏంటి వదినా? వినపట్లా. ఇక్కడ జనరేటర్ మోగతంది. డ్రైవర్లని లోపలికి రానివ్వట్లేదు కూడా..."

"పైకెళ్ళు!"

"వినపట్లేదు వదినా, గట్టిగా చెప్పండి!"

ఎనిమిదేళ్ళుగా ఆ ఇంట్లో ఎవరూ పెంచని గొంతు ఉషశ్రీ పెంచింది.

"మా ఆయనకి తాగుడు మాన్పించే బిళ్ళ పెట్టారు! కామెర్లు లేవు, పథ్యం లేదు, అంతా అబద్ధం! తాగుడుకే ఆసుపత్రిలో పెట్టాం! ఆ బిళ్ళ ఒంట్లో ఉంది, చుక్క పడినా చచ్చిపోతాడు! తలుపులు పగలగొట్టుకునైనా వెళ్ళు వాసిం!"

చువ్వల చప్పుడు ఆగిపోయింది. భుజాన బస్తాతో హమాలీ ఉన్నచోటే నిలబడిపోయాడు. పెద్దాయన టీ గ్లాసు కింద పెట్టి, ఎటు చూడాలో తెలియక, తన కాళ్ళ వంక చూసుకున్నాడు. కుటుంబరావు గారు గల్లాపెట్టె మీద రెండు చేతులూ ఆనించి, తల దించుకున్నారు. పద్నాలుగు నెలలు కాపాడిన పరువు ఒక్క నిమిషంలో రోడ్డు మీద పడింది. సాయంత్రానికి నందిగామ చేరుతుంది. ఉషశ్రీకి ఆ సంగతే పట్టలేదు.

ఫోన్లో వాసిం పరుగెడుతున్నాడు. ఎవరో "ఏయ్, ఎక్కడికి?" అని అరిచారు. "జరగండి సార్" అన్నాడతను. మెట్ల మీద అడుగులు. ఆయాసం. ఫోన్ జేబులో పడేసినట్టున్నాడు. మాటలు దూరం నుంచి, గుడ్డ అడ్డం పెట్టినట్టు వినిపిస్తున్నాయి.

తలుపు తెరుచుకుంది. మైకులో శాంతికుమార్ గొంతు.

"...కామెర్లని జయించి, ఏడాది పథ్యం విడిచొచ్చిన మన తమ్ముడి చేతుల మీదుగా..."

చప్పట్లు.

సత్యనారాయణమ్మ ఎప్పుడు దిగొచ్చిందో, కోడలి చెయ్యి పట్టుకుని నిలబడింది. ఉషశ్రీ ఫోన్ స్పీకర్లో పెట్టింది. కొట్టు అంతా వింటోంది. విననీ అనుకుంది.

మైకుకి దగ్గరగా సాయిప్రసాద్ గొంతు వచ్చింది. మర్యాదగా అడిగాడు.

"గిన్నె ఏదండీ? ఉమ్మడానికి గిన్నెలు రాసిచ్చాగా."

"అయ్యో, మర్చిపోయాం సార్," అన్నాడు ఎవరో.

హాలంతా ఘొల్లున నవ్వింది. "నాసిక్‌లో ఉమ్ముదువుగానిలే సాయీ, ఇది మనూరేగా, కానివ్వు," అన్నాడు శాంతికుమార్. ఇంకా నవ్వులు. ఎవరో ఈల వేశారు.

"అన్నా! అన్నా, ఆగు!" వాసిం కేక.

ఆ కేక మీద మళ్ళీ చప్పట్లు పడ్డాయి. గాజు ఏదో నేల మీద పగిలింది. నవ్వులు ఒక్కొక్కటిగా ఆగిపోయాయి. తరవాత ఏ గొంతూ వినపడలేదు.

"ఏవండీ," అంది ఉషశ్రీ ఫోన్లోకి. "ఏవండీ, మీరు ఉమ్ముతారని నాకు తెలుసు. నేను నమ్ముతున్నా. ఒక్క మాట మాట్లాడండి."

ఆమె మాట అక్కడ ఎవరికీ వినపడదు. అయినా ఫోన్‌ని మొహానికి దగ్గరగా పట్టుకుని, అతను ఏదో ఒకటి మాట్లాడాలని, కోప్పడినా సరే, తిట్టినా సరే, నోరు తెరిచి ఒక్క మాట మాట్లాడాలని ఎదురుచూస్తూ నిలబడింది.